ఊరి వాసనను పడవలెక్కించిన రోజు

గాలిని కొలిచే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు నా దగ్గరికి వస్తే ముందుగా తమ యంత్రం గురించి చెబుతారు. మీట నొక్కితే అంకె వస్తుందట. సంతోషం. మా రోజుల్లో మీటా లేదు, అంకే లేదు. సీసాలో కాస్త మందు, తెల్ల కాగితం ముక్కలు, ఒక దారపుండ, ముఖం నడుమ దేవుడిచ్చిన ముక్కు. అంతే సరంజామా. ఆ సరంజామాతోనే మేమొకసారి ఒక ఊరి వాసనంతటినీ పడవలెక్కించి సముద్రం మీదికి పంపించాం.

నమ్మరని తెలుసు. నేను చెప్పేదాన్ని తడిబట్టలా పిండుకుని వినాలని మా ఇంట్లోవాళ్ళు వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే హెచ్చరిక చేస్తారు. పిండుకోండి. అయినా మిగిలేది తక్కువేమీ కాదు.

అరవయ్యో దశకం చివరి మాట. కళింగపట్నానికి కాస్త ఎడంగా, సముద్రపు ఒడ్డున ఒక చేపలూరు. అక్కడ మంచినీళ్ళంటే వంశధార ఇసకలో తవ్వుకునే చలమలే. ఎండాకాలం వచ్చేసరికి ఆ చలమల్లో ఉప్పు ఊరుతుంది. ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పొలాల ఊళ్ళ మీదికి పోయి, నాలుగు మాటలు పడి, నీళ్ళు తెచ్చుకునేవారు. ఆ బాధ చూసి ప్రభుత్వం బోరు వేయించింది. బోరు దిగింది, తియ్యటి నీళ్ళు పడ్డాయి. నీళ్ళతోపాటు బుడగలు కూడా వచ్చాయి. బోరు కూలీ ఒకడు పక్కన నిలబడి బీడీ ముట్టించాడు. గాలి భగ్గుమంది.

నేను చెప్పినప్పుడల్లా ఆ మంట ఒక మూర పెరుగుతూ వస్తోంది. మొదట్లో మనిషి ఎత్తు అనేవాణ్ణి, ఇప్పుడు కొబ్బరిచెట్టు దాటింది. ఆ కూలీకి మాత్రం కనుబొమలు పోయాయి, మళ్ళీ వచ్చాయి. పెట్రోలు పడిందని ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగినవాళ్ళు దిగినట్టే చూడ్డానికి వచ్చారు. పడింది పెట్రోలు కాదు. నేల అడుగున ఎప్పుడో మగ్గిన ఆకూ అలమూ వదిలిన సహజవాయువు. బోరు ఇంజనీరు తెలివైనవాడు. నీళ్ళనీ గ్యాసునీ ఒక ఇనప డ్రమ్ములోకి తోలాడు. నీళ్ళు కింది కుళాయిలోంచి బిందెల్లోకి, గ్యాసు పై గొట్టంలోంచి మంటలోకి. ఊరికి నీళ్ళూ వచ్చాయి, ఆర్పనక్కర్లేని దీపమూ వచ్చింది.

ఆ సుఖం రెండు నెలలు నిలిచిందో లేదో, ఊళ్ళో ఒకరిద్దరు ఆడవాళ్ళ వెండి కడియాలు నల్లబడ్డాయి. పిల్లలకి తలనొప్పులు. మంట పొగ వల్లేనని అందరూ అనుకున్నారు. ఊరంతా 'అత్త' అని పిలిచే ఒక చేపల బేరగత్తె ఉండేది. నేనూ ఆవిణ్ణి ఊరత్త అనే అంటాను. ఆవిడ తన కడియాలు ఊడదీసి పట్టుకుని తాలూకా కచేరీకి పోయి దెబ్బలాడి వచ్చింది. మంట ఆపమని ఆవిడ అడిగింది. విషపు గ్యాసు అయితే బోరే మూసేస్తామని పైవాళ్ళు అన్నారు. సిమెంటు బస్తాలతో లారీ వచ్చి బోరు పక్కన నిలబడింది. మా ప్రయోగశాల నుంచి కాగితం రావడమే తరువాయి.

ఆ కాగితం రాయాల్సింది మా కెమిస్టు అమ్మగారు. విజయనగరంలో మా ప్రయోగశాలకి వచ్చిన మొదటి ఆడ ఆఫీసరు. నేత చీర, నల్ల గొడుగు, నవ్వని ముఖం. ఆవిడ వచ్చిన కొత్తలో మేం మగవాళ్ళం వెనక చాలా అనుకున్నాం. తరవాత మానేశాం. ఆవిడ చేసిన లెక్క ఎప్పుడూ తప్పలేదు కనక మాకు అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడకి సహాయకుణ్ణి నేను. అంటే సీసాలు మోసేవాణ్ణి.

మా విద్య చిన్నదే. కాగితం ముక్కల్ని సీసం కలిసిన మందులో ముంచి ఆరబెట్టి, నీడపట్టున వేలాడదీయాలి. గాలిలో గంధకపు గ్యాసుంటే తెల్ల కాగితం గోధుమరంగుకి, మరీ ఎక్కువైతే నల్లగా తిరుగుతుంది. ఆ గ్యాసు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. అమ్మగారి ఇంట్లో ఏడు తరాలుగా గుడ్డు గడప దాటలేదు. "ఆ వాసన నాకు సీసాలోంచే తెలుసు, కోడిలోంచి కాదు" అనేవారు. ఆవిడ నోట నేను విన్న ఒకే ఒక్క హాస్యం అది. హాస్యమని ఆవిడకి తెలుసో లేదో.

ఊరంతా తిరిగి ఇళ్ళ చూరుల కింద కాగితాలు కట్టాం. మర్నాడు విప్పితే అన్నీ నలుపే. ఇంజనీరు గోదావరి వైపు మనిషి. మాట మెత్తన, పని తొందర.

"ఇంకేముందండీ. మూసేద్దాం. ఎల్లుండికి నా లారీ బొబ్బిలి వైపు వెళ్ళాలి" అన్నాడు.

అమ్మగారు కాగితాలన్నీ కట్టిన వరసలోనే ఇసక మీద పరిచి, గాలికి ఎగరకుండా గవ్వలు పెట్టి, వాటి చుట్టూ గొడుగేసుకుని తిరిగారు.

"మంట పక్కన కట్టినదానికంటే సముద్రం పక్కన కట్టినవి ఎందుకు ఎక్కువ నల్లబడ్డాయి?" అన్నారు.

ఆవిడ తలెత్తి చూరు వైపు చూశారు. మేం కాగితం కట్టిన ప్రతి చూరుకీ చేపల దండలు వేలాడుతున్నాయి. నీడ ఎక్కడుంటే అక్కడ కాగితం కట్టమని మా పద్ధతి. నీడ ఎక్కడుంటే అక్కడ చేప వేలాడదీయాలని వాళ్ళ పద్ధతి. రెండు పద్ధతులూ ఒక్క చూరు కిందే కలిశాయి. కింద గంపల్లో నిన్నటి చేపల పేగులు. ఇసకంతా కవ్వళ్ళు, నెత్తళ్ళు వంటి చిన్న చేపలు పరుపులా ఆరేసి ఉన్నాయి. కుళ్ళే చేప కూడా ఆ గ్యాసునే వదులుతుంది.

"ఈ వాసన ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అని అమ్మగారు ఊరత్తని అడిగారు.

ఊరత్త ఇటూ అటూ చూసి, ముక్కు రెండుసార్లు ఎగపీల్చింది. "వాసనా? ఏ వాసన తల్లీ?"

అమ్మగారు కులపెద్దని పిలిపించారు. ముసలాయన. సముద్రం మీద పెరిగినవాడు కనక నేల మీద కాస్త ఊగుతూ నడిచేవాడు. ఊరంతా వచ్చి ఇసకలో కూచుంది. ఆవిడ ఉన్న మాట చెప్పారు. తప్పు మంటదో చేపలదో తేలాలంటే, ఊళ్ళో ఒక్క చేప లేకుండా, ఒక్క గంప లేకుండా ఒక పగలు గడవాలి. అప్పుడు మళ్ళీ కాగితాలు కడతాను. తెల్లగా ఉంటే బోరు మీది.

ఊరత్త లేచి నడుం మీద చేతులేసుకుంది. "ఓలమ్మ! సేపలు తీసీమంతాది! తీసి ఎక్కడెట్టమంతావు? నీ జీపులో ఎట్టుకుంతావా?"

"పొలాల ఊళ్ళో ఒక కళ్ళం అడిగితే..." అన్నాను నేను.

"మాము నీల్లకెల్తేనే ముక్కు మూసుకుంతారు బాబూ ఆలు. సేపలు ఆల కల్లంలో పోయమంతావేటి? కర్రలట్టుకొస్తారు" అంది ఊరత్త.

"అత్తా, నువ్వేగదే కడియాలట్టుకెల్లి కచేరీలో కొంప ముంచినావు! ఇప్పుడు కూడా నువ్వే అరుత్తన్నావు!" అని వెనకనించి ఎవరో అన్నారు.

"నాను మంటాపమన్నాను గానీ నీల్లాపమన్నానేటిరా సచ్చినోడా! అయితే ఏటి సెయ్యమంతావు? సంద్రంలో ఎట్టమంతావా, ఈ గంపలన్నీ?"

ఆవిడ వెటకారంగానే అంది. నేను నవ్వాను కూడా. తీరా చూస్తే నేనొక్కణ్ణే నవ్వుతున్నాను. కులపెద్ద సముద్రం వైపు చూస్తున్నాడు. మగవాళ్ళంతా ఆయన చూసిన వైపే చూస్తున్నారు. తాళ్ళతో కుట్టిన పెద్ద నావలు వరసగా ఒడ్డున పడుకుని ఉన్నాయి.

"రేపు సంద్రం సాదుగా ఉంతాది మజ్జాన్నం దాకా" అన్నాడు కులపెద్ద. "ఆ మీదట నాను సెప్పలేను."

ఎంత పెద్ద సాహసమో ఆ క్షణంలో నాకు అర్థం కాలేదు. ఆరిన చేపకి సముద్రపు జల్లు పడితే పురుగు పడుతుంది. పురుగు పడితే సంతలో కుక్క కూడా ముట్టదు. ఊరి మొత్తం సంపాదన నావల్లో పోసి నీళ్ళ మీద పెట్టడమంటే, మన బియ్యం బస్తాలన్నీ ఏటి గట్టున పెట్టి వరదలో నిద్రపోయినట్టే.

పొద్దు పొడవకముందే మొదలెట్టారు. దండలు, చాపలు, గంపలు, ఉప్పు కుండలు, పేగుల తొట్లు, ఇసకలో రాలిన తలలు, తోకలు. ఆడవాళ్ళు చీపుళ్ళతో ఊరిని ఊడ్చి ఊడ్చి నావలకెత్తారు. తాటాకులు కప్పి కట్టారు. నావలు కదిలాయి. కాకులన్నీ ఊరొదిలేసి వాటి వెనకే పోయాయి. పిల్లులు ఒడ్డు దాకా వచ్చి, తడి ఇసక మీద వరసగా కూచుని, సాగనంపే బంధువుల్లా ఏడిచాయి. చాలా దూరాన పోతున్న స్టీమరు ఒకటి ఈ నావలకి గాలివాటున పడి, ఉన్నట్టుండి దారి మార్చుకుని లోపలికి పోయిందని నేను చెబుతుంటాను. దాన్ని మీరు పిండుకోవచ్చు. పిల్లుల్ని మాత్రం పిండకండి.

ఊళ్ళో ఏదో తక్కువైంది. జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుంటున్నారు. ఒక పిల్ల ఏడుపందుకుంది. ఎందుకంటే చెప్పలేకపోయింది.

అమ్మగారు ప్రతి చూరునీ తనే వాసన చూసి, తనే కాగితం కట్టారు. సాయంత్రం నీడ తూర్పుకి సాగేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు.

కులపెద్ద అన్నది అక్షరాలా జరిగింది. మధ్యాహ్నం దాటాక దక్షిణపు గాలి లేచింది. సముద్రం అక్కడక్కడ తెల్లగా విరగడం మొదలెట్టింది. దూరాన నావలు లేస్తూ పడుతూ కనిపిస్తున్నాయి. మగవాళ్ళలో గుసగుస. కులపెద్ద పొడుగాటి కర్రకి ఎర్ర పంచె కట్టించాడు. అది ఊపితే నావలు తిరిగొస్తాయి. ఊపేముందు ఊరత్తని అడిగాడు. అన్నిటికన్నా పెద్ద నావలో సగం సరుకు ఆవిడదే.

ఊరత్త అమ్మగారి దగ్గరికొచ్చింది. "తల్లీ, సంద్రం పక్కన కాయితాలు తెల్లగానే ఉన్నాయి గదా. నాను సూసినాను. సాలదేటి?"

నేనైతే చాలుననేవాణ్ణి. ఎవరైనా అనేవారు. తెల్లగానే ఉన్నాయి, లెక్క తేలినట్టే, ఎదురుగా ఒక మనిషి బతుకు నీళ్ళ మీద ఊగుతోంది.

"చాలదమ్మా" అన్నారు అమ్మగారు. "సగం పూట కాగితంతో నేను సంతకం పెట్టలేను. మీ సరుకు పోతే నేను తీర్చలేను. పిలుచుకోవాలంటే పిలుచుకోండి, తప్పనను. కానీ చాలని మాత్రం అనలేను."

ఊరత్త ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కర్ర పట్టుకున్నవాడి దగ్గరికి పోయి, కర్ర లాక్కుని ఇసకలో పడేసింది. సముద్రానికి వీపు పెట్టి, కాళ్ళు చాపుకుని కూలబడింది.

"నాను సూడను. సూస్తే పిలిసీస్తాను" అంది.

ఒక్కొక్క ఆడమనిషీ వచ్చి ఆవిడ పక్కన అలాగే, సముద్రానికి వీపు పెట్టి కూచుంది. ఊరి ఆడవాళ్ళంతా సముద్రం వైపు చూడకుండా కూచున్న దృశ్యం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వాళ్ళు ఎదురుగా ఉన్న బోరు మంటనే చూస్తున్నారు. వెనక అల విరిగినప్పుడల్లా వీపులు ఉలిక్కిపడుతున్నాయి.

నీడ సాగింది. అమ్మగారు తలూపారు. ఎర్ర పంచె లేచింది. నావలు వచ్చాయి. ఒక నావలో అంచున పెట్టిన గంపలు తడిశాయి, మిగతా సరుకు దక్కింది. ఒడ్డున కేకలు, నవ్వులు, తిట్లు. మేం మాత్రం కాగితాలు విప్పుతున్నాం. తెలుపు. తెలుపు. తెలుపు. ఇంజనీరు కూడా ముఖం విప్పాడు. చివరి చూరు మంటకి తూర్పున, అన్ని ఇళ్ళకంటే బోరుకి దగ్గరగా ఉన్న ఇల్లు. ఆ కాగితం పలచటి టీ రంగులో ఉంది.

ఆ ఇల్లు ఊరత్తది.

"ఎక్కడో ఒక చేప తలకాయ మిగిలిపోయి ఉంటుందండీ" అన్నాడు ఇంజనీరు. "ఇన్నిట్లో ఒకటి. వదిలేయండి."

అమ్మగారు ఆ చూరంతా వెతికారు, నన్నూ వెతికించారు. చేప లేదు. పొద్దున్న పడమటి గాలి వీచినప్పుడు మంట వంగి, సరిగా కాలని గ్యాసు ఆ ఇంటి మీదికి వస్తోంది. కొంచెమే, కానీ వస్తోంది. ఆవిడ అక్కడే జీపు బానెట్టు మీద రాయడం మొదలెట్టారు. ఇంజనీరు భుజం మీంచి చదివాడు.

"ఈ ఒక్క వాక్యం చాలండీ, పైవాళ్ళు మూసేయమనడానికి. వాళ్ళు మిగతాది చదవరు."

ఊరత్త అంతా విన్నది. వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "సింపీ తల్లీ ఆ కాయితం. నా ఇల్లే గదా. నానేటీ అనను. ఎవులికీ సెప్పను. ఊరికి నీల్లుంతే సాలు."

"నీ ఇల్లు కాబట్టే రాస్తున్నాను" అన్నారు అమ్మగారు, చెయ్యి విడిపించుకోకుండానే. "ఆ ఇంట్లో పడుకునేది నువ్వు. నీ మనవలు."

"నువ్వు మా పచ్చమా, ఆల పచ్చమా?"

అమ్మగారు ఇంజనీరు వైపు తిరిగి, గొట్టం ఎత్తు పెంచితే మంట ఇంటి కప్పుకి పైన ఉంటుందనీ, రేపు పడమటి గాలికి మళ్ళీ చూస్తాననీ, అప్పుడు రెండు వాక్యాలూ కలిపి రాస్తాననీ అన్నారు. ఇంజనీరు లారీలో ఉన్న గొట్టాల వైపు చూశాడు. అవి బొబ్బిలి వైపు బోరుకి కేటాయించినవి. లారీ వెళ్ళాల్సింది మర్నాడే. ఆయన కాసేపు చెవి గోక్కున్నాడు.

"అక్కడివాళ్ళకి కొత్తవి వచ్చేదాకా పాతవాటితో సర్దుతాను. దించండిరా" అన్నాడు. మెత్తటి మనిషి అంత గట్టిగా అరవడం నేను అదే వినడం. చీకటి పడేలోపు గొట్టం మీద గొట్టం ఎక్కింది.

ఆ సాయంత్రం చేపలు మళ్ళీ ఊళ్ళోకి వచ్చాయి. ఊరత్త సరుకు మాత్రం తలా గంపా పంచుకుని సముద్రం వైపు ఇళ్ళవాళ్ళు తమ ఇసకలో ఆరబెట్టుకున్నారు. ఆవిడ ఇంటి దరిదాపుల్లోకి చేప అన్నది రానివ్వలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మగారు ఆ చూరు కింద కాగితం కట్టి, దాని కిందే చాపేసుకుని కూచున్నారు. నేను జీపులో కూచోమన్నాను, వినలేదు. పడమటి గాలి బాగా వీచింది. మంట పైన ఎక్కడో వంగుతోంది. ఊరత్త తన గడపలో కూచుని, కొంతసేపు అలిగింది, కొంతసేపు సణిగింది, తరవాత అమ్మగారి తలకి నీడ తగ్గిందని తాటాకు తెచ్చి చూరుకి ఆనించింది. పగలంతా ఇద్దరూ ఒక్క గాలే పీల్చారు.

సాయంత్రం కాగితం విప్పారు. నేను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. కట్టినప్పుడు ఎంత తెలుపో అంతే తెలుపు.

గొట్టం పెంచాక గ్యాసు రావడం లేదని అమ్మగారు రెండో వాక్యం రాసి సంతకం పెట్టారు. మొదటి వాక్యం కొట్టేయలేదు. ఇంజనీరు కాగితం జేబులో పెట్టుకుని లారీ బయల్దేరదీయించాడు. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు దారి ఇవ్వడానికి బిందెలు పక్కకి లాగారు. విప్పని సిమెంటు బస్తాలతో లారీ కదిలి వెళ్ళింది. ఇంజనీరు తన జీపెక్కబోతూ ఆగాడు.

"ఒక్క మాటండీ. ఇవాళ కూడా కాగితం రంగు తిరిగి ఉంటే ఏం చేసేవారు?"

"మీ సిమెంటు నేనే దగ్గరుండి కలిపించేదాన్ని" అన్నారు అమ్మగారు.

ఊరత్త పక్కనే ఉంది. ఇంత చేసి ఈ మాటేమిటి, ఇప్పుడు ఊరంతా మీద పడుతుందనుకున్నాను.

ఊరత్త బిందె చంకనెత్తుకుంటూ ఆవిడ ముఖంలోకి చూసింది.

"కలుపుదువులే తల్లీ, నాకెరికే" అంది. "కలపనిదానివైతే నిన్న నావల్ని పిలిసీదాన్ని కానా?"